బావ పంపించాడని చెప్పండి

స్టేషన్‌కి ఎదురుగా ఉన్న లాడ్జిలో దిగిన ప్రతివాళ్ళూ తాళంచెవి చేతికి రాగానే రెండే ప్రశ్నలు అడిగేవాళ్ళు. భోజనం ఎక్కడ బాగుంటుంది, కొనుక్కోడానికి ఏ బజారుకి వెళ్ళాలి. వేడినీళ్ళు ఎప్పుడొస్తాయన్నది ఆ తరవాతి మాట.

కౌంటర్ వెనక కూర్చునే పెద్దమనిషిని అందరూ బావగారు అనేవారు. నిజానికి ఆయన ఒక్కడికే బావ. వెనక వీధిలో భోజనశాల నడిపే బావమరిది రోజుకోసారైనా లాడ్జి గుమ్మంలో నిలబడి, పైఅంతస్తులో పడుకున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడేటట్టు "బావా" అని పిలిచేవాడు. ఆ పిలుపు విని విని పాలమనిషీ, దుప్పట్లు ఉతికే ఆవిడా, చివరికి లాడ్జి యజమానీ అదే పేరు ఖాయం చేశారు. ఊరందరికీ బావనయ్యాను, ఇంక నాకు మరదళ్ళకేం లోటు అని ఆయన ఇంట్లో అంటే, ముందు ఉన్నదాన్ని సరిగ్గా చూసుకోండి అనేది భార్య. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. పేరు మాత్రం ఆయనకి మిగిలింది.

బజారు సంగతి అడిగితే ఆయన వెంటనే చెప్పేవాడు కాదు. ఎవరికోసం కొంటున్నారని ఎదురడిగేవాడు. మనిషి తెలియకుండా వస్తువు చెప్పకూడదని ఆయన పద్ధతి. మొదటిరోజు కళ్ళతో కొనండి, చేతులు జేబులోనే ఉంచండి అనేవాడు. స్టేషన్ ఎదుటి దుకాణాలు రైలు అందుకునేవాళ్ళ కోసం పెట్టినవి, మళ్ళీ మొహం చూడని మనిషికి మంచి సరుకు తీయాల్సిన అవసరం వాళ్ళకి లేదు, ఆ దుకాణదారుల భార్యలు ఎక్కడ కొంటారో అక్కడ కొనండి అనేవాడు. పొద్దున్నే వెళితే మొహమాటంతో కొంటారు, సాయంత్రం వెళితే అలసటతో కొంటారు. మధ్యాహ్నం భోజనం చేసి వెళ్ళండి. మీ కడుపూ కొట్టువాడి కడుపూ నిండి ఉంటే ఇద్దరి నోటా నిజం వస్తుంది.

ఒకసారి ఒకాయన కూతురికి బూట్లు కొనాలన్నాడు. పాదం ఎంతుంటుందని అడిగితే, చెయ్యి గాలిలో తన నడుం దగ్గర పెట్టి ఇంత పిల్ల అని చూపించాడు. బావగారు నవ్వు ఆపుకుని ఇంటికి ఫోన్ చేయించాడు. పిల్ల పాదాన్ని అగ్గిపెట్టెలతో కొలవమని ఆ తల్లికి చెప్పించాడు. జాన మనిషికో రకంగా ఉంటుంది గానీ అగ్గిపెట్టె ఏ ఊళ్ళోనైనా అగ్గిపెట్టే కదా. బూట్లు సరిపోయాయని తరవాత కబురొచ్చింది. ఇలాంటి కబుర్లతో ఆయనకి ఒక వారం హాయిగా గడిచిపోయేది.

తిండి విషయంలో మాత్రం ఎదురుప్రశ్నలు లేవు. తాను తిననిచోటికి ఎవరినీ పంపకూడదన్నది ఆయన నియమం, తాను తినేది ఒక్కచోటే. వెనక వీధిలోకి వెళ్ళండి, కుళాయి దాటాక పచ్చ తలుపుల భోజనశాల ఉంటుంది, లోపలికెళ్ళి బావ పంపించాడని చెప్పండి. అంతే. వెళ్ళినవాళ్ళందరూ మెచ్చుకుంటూ తిరిగొచ్చేవాళ్ళు. రొట్టె పెనం మీంచి సరాసరి కంచంలోకి వచ్చిందనీ, చిక్కుడుగింజల కూర ఇంట్లో వండినట్టుందనీ, వద్దంటున్నా మారు వడ్డించారనీ చెప్పేవాళ్ళు. బావగారు ఆ మాటలు రోజూ వినేవాడు, రోజూ కొత్తగానే వినేవాడు. ఆ భోజనశాల ఆయన భార్య పుట్టింటిది. తండ్రి పోయాక తమ్ముణ్ణి పక్కన నిలబెట్టుకుని పొయ్యి దగ్గర పని నేర్పింది ఆవిడే. అక్కడ ఎవరైనా తృప్తిగా తిన్నారంటే, ఆవిడ ఇంకా ఎవరికో వడ్డిస్తున్నట్టే అనిపించేది ఆయనకి.

ఆదివారాలు ఆయన అక్కడే తినేవాడు. గిరాకీ సద్దుమణిగాక, వంటింట్లో, కిటికీ పక్క బల్ల దగ్గర. బావమరిది భార్య అన్నయ్యగారూ అంటూ కొసరి కొసరి వడ్డించేది. ఆవిడ కుడి మణికట్టు వాచి, వానలు మొదలైనప్పటినుంచీ గుడ్డ కట్టుకునే ఉంటోంది. భార్య పోయాక చాలా ఇళ్ళు ఆయనకి మర్యాదగానే దూరం జరిగాయి. ఈ ఇల్లు జరగలేదు. తనకోసం ఒక కంచం కడిగి బోర్లించి ఉంచే చోటు ఆయనకి ఇదొక్కటే.

వానలు తగ్గుముఖం పడుతుండగా గుండీలావిడ వచ్చింది.

పక్క ఊళ్ళో ఆవిడకి కుట్టుపని దుకాణం ఉంది. గుండీలూ, జిప్పులూ, లోపలి గుడ్డా టోకున కొనుక్కోడానికి మొట్టమొదటిసారి ఈ నగరానికి వచ్చింది. బావగారి బజారు సలహాలన్నీ శ్రద్ధగా విని, కొన్ని ఉంచుకుని కొన్ని కొట్టిపారేసింది. గుండీని పళ్ళమధ్య పెట్టి నొక్కి చూడనిదే కొననని చెప్పింది. భోజనశాల దారి కూడా విన్నది గానీ, బావ పంపించాడని చెప్పమంటే మాత్రం తల అడ్డంగా ఊపింది. ఒకరి పేరు చెప్పుకుని తింటే, బాగాలేకపోయినా అనడానికి నోరు రాదండి అంది.

ఆవిడ తిరిగొచ్చాక బావగారు అలవాటుగా ఎలా ఉందని అడిగాడు. కడుపు నిండింది అంది ఆవిడ. తిండి గురించి అడిగితే కడుపు గురించి చెప్పేవాళ్ళు ఏదో దాస్తున్నట్టే. ఆయనకది తెలుసు గానీ, మనిషిది పొడిమాట అనుకుని ఊరుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ, తినడానికి ఇంకో చోటేమైనా ఉందా అని అడిగింది. ఈసారి ఆయనకి కాస్త చురుక్కుమంది. ఇన్నేళ్ళలో అక్కడికి వెళ్ళొచ్చి ఇంకోచోటు అడిగింది మీరొక్కరేనండీ అన్నాడు.

ఆవిడ గుండీల సంచి కౌంటర్ మీద దించింది.

"మీరు చివరిసారి అక్కడెప్పుడు తిన్నారు?"

"మొన్న ఆదివారం."

"నలుగురిలో కూర్చునా, వంటింట్లోనా?"

ఆవిడ తొందరపడకుండా, కొలతలు చెప్పినట్టు చెప్పుకొచ్చింది. తన పక్క బల్ల దగ్గర మొగుడూ పెళ్ళామూ కూర్చున్నారు, ఈ లాడ్జివాళ్ళే. బావ పంపించాడని వాళ్ళన్నారు. వడ్డించే మనిషి వెంటనే లోపలికెళ్ళి చిన్న గిన్నెలో పొగలు కక్కే కూర తెచ్చాడు. ఆవిడకి మాత్రం ముందుగదిలో ఉన్న పెద్ద గిన్నెలోంచి గరిటెతో తీశాడు. వాళ్ళ కంచంలో కూరది ఒక రంగు, తన కంచంలో కూరది ఒక రంగు.

"కూర పేరొకటే, గిన్నెలు రెండు. మీవాళ్ళకొకటి, ఊళ్ళోవాళ్ళకొకటి. మా పనిలోనూ చూపించేదొక గుడ్డ, కుట్టేదొక గుడ్డగా నడిపేవాళ్ళున్నారు లెండి. అందుకే నా కళ్ళు అటే పోతాయి."

కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ బావగారికి కోపం రాలేదు. ఒక్క సాయం చేసి పెట్టమని అడిగాడు. మళ్ళీ వెళ్ళి, ఎవరి పేరూ చెప్పకుండా, ఒక పొట్లం కట్టించుకుని రమ్మన్నాడు. నాకు జిప్పుల బేరం మిగిలుందని ఆవిడ గొణిగింది. గొణుగుతూనే వెళ్ళింది. తెచ్చిన పొట్లం చల్లారకుండా సంచిలో గుడ్డల మధ్య పెట్టుకుని తెచ్చింది. మంచి చెప్పడానికైనా చెడు చెప్పడానికైనా ఆ జాగ్రత్త కొందరికే ఉంటుంది.

మెట్లకింద గదిలో కూర్చుని ఆయన పొట్లం విప్పాడు. నిన్నటి కూరకి ఇవాళ్టి నూనె పోసి మళ్ళీ కాచారు. గింజలు చితికిపోయాయి, బంగాళాదుంపలు మాత్రం లోపల పచ్చిగా ఉన్నాయి, తరవాత వేసినవి కాబట్టి. రొట్టె రెండోసారి వేడిచేసింది, అంచులు అట్టముక్కలా విరిగాయి. తినకూడనిదేం కాదు. ఆకలిగా ఉన్న మనిషి తింటాడు, తిని మళ్ళీ రాడు. ఎప్పుడూ ముందుబల్ల దగ్గర కనిపించే తపాలా ఉద్యోగి, ఎదురింటి దర్జీ, బస్సు కండక్టర్లు ఈమధ్య అక్కడ ఎందుకు కనబడటం లేదో ఆయనకి ఆ రొట్టె ముక్క చెప్పింది.

ఇన్నాళ్ళూ వచ్చి మెచ్చుకున్నవాళ్ళు భోజనశాలని మెచ్చుకుంటున్నారని ఆయన అనుకున్నాడు. వాళ్ళు మెచ్చుకున్నది బావ అనే ఒక్క మాటకి దొరికిన చిన్న గిన్నెని. తినకుండా పంపనన్నాడు, తిన్నాడు కూడా, అయినా ఏమీ తెలుసుకోలేదు. తన పేరే తన కళ్ళకి గంతలు కట్టింది.

ఇది మోసమే. కానీ ఆ బావమరిది ఎందుకు చేసి ఉంటాడో తెలిసినవాళ్ళు దాన్ని మోసమనడానికి కాస్త ఆగుతారు. ఆయన కూడా ఆగాడు. ఇప్పుడు అక్కడికి తినడానికి వెళ్ళేవాళ్ళలో సగం మంది లాడ్జివాళ్ళే. పంపడం మానేస్తే భోజనశాల మూతపడుతుంది. పంపుతూ పోతే, ముక్కూమొహం తెలియని ఊళ్ళో దిగి తన నోటివైపు చూసే మనుషులకి అబద్ధం చెప్పినట్టు. నిజం చెపితే ఆ బోర్లించిన కంచం ఆదివారం ఉంటుందో ఉండదో. దేన్ని పోగొట్టుకోవాలన్నదే లెక్క. ఆ లెక్క ఎటు తిప్పినా నష్టంగానే తేలింది.

ఆ సాయంత్రం చినుకుల్లో ఒక కుటుంబం దిగింది. తల్లి భుజం మీద పిల్ల తల వాల్చి ఉంది. తండ్రి సామాను దించకుండానే భోజనం సంగతి అడిగాడు. రోజూ చెప్పే వాక్యం గొంతుదాకా వచ్చి ఆగింది. చివరికి ఆయన వాళ్ళకి లాడ్జి గొడుగు ఇచ్చి, బస్టాండు వైపు రొట్టెల దుకాణానికి వెళ్ళమన్నాడు. వరసలో నిలబడాలి గానీ వేడిగా పెడతారని చెప్పాడు. వాళ్ళు వెళ్ళాక ఆయనకి కూర్చోబుద్ధి కాలేదు. దుమ్ములేని తాళంచెవుల పలకని తుడుస్తూ నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే గుండీలావిడ సామాను సర్దుకుంది. వెళుతూ వెళుతూ, చెప్పకుండా ఉండాల్సిందేమోనంది. కాదమ్మా, చెప్పేవాళ్ళు లేక ఇంతదాకా వచ్చింది అన్నాడాయన, ఆవిడ మూటని ఆటోదాకా తనే మోసి.

మధ్యాహ్నం గిరాకీ వెళ్ళిపోయాక ఆయన వెనక వీధికి నడిచాడు. ఆదివారం కాని రోజున ఆయన రావడం చూసి బావమరిది భార్య ఉల్లిపాయలు తరగడం ఆపింది. ఎడమచేత్తో తరుగుతోంది, ముక్కలు లావుగా పడుతున్నాయి. బావమరిది పెనం గీకుతున్నాడు. తలెత్తలేదు.

"ఆ రొట్టెలవాడు నీకేమవుతాడు బావా?" అన్నాడు, పెనంతో అన్నట్టు. "నిన్న లాడ్జి గొడుగు నా గుమ్మం ముందునుంచే నడిచివెళ్ళింది. దాని కింద తల్లి భుజం మీదున్న పిల్లని కూడా చూశాను."

బావగారు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

"నిన్న నీ కూర తిన్నాను. ముందుగదిలో పెద్ద గిన్నెలోది."

బావమరిది పెనం వదిలేశాడు. మొహం కందగడ్డయింది. "ఎవడు పెట్టాడు నీకు ఆ గిన్నెలోంచి? ఆ వడ్డించేవాణ్ణి పిలువు," అన్నాడు భార్యతో. "మా బావకి పెట్టే కూరా అది? వాడికి కళ్ళు లేవా?"

కుళాయి కింద గిన్నె నిండి పొర్లుతోంది. బావమరిది భార్య లేచి కుళాయి కట్టింది.

"నాకు పెట్టకూడదని నీకే తెలుసు," అన్నాడు బావగారు మెల్లగా. "మరి మిగతావాళ్ళు ఎవరికీ బావలు కాకుండా పుట్టార్రా?"

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. బావమరిది చెపుతుంటే మధ్యమధ్య భార్య సరిదిద్దింది. ఆమె చెయ్యి పట్టు తప్పాక వంటమనిషిని పెట్టారు. అతను రెండురోజులకి సరిపడా ఒకేసారి వండి, మిగతా సమయమంతా ఫోన్ చూసుకునేవాడు. జనం తగ్గారు. జనం తగ్గితే మిగిలింది, మిగిలితే మర్నాడు కాచారు, కాస్తే ఇంకాస్త తగ్గారు. లాడ్జివాళ్ళకి మాత్రం బావమరిదే లోపలి పొయ్యిమీద విడిగా వండేవాడు, అక్క నేర్పినట్టే, గింజలు విడివిడిగా ఉండేటట్టు. నీ మాట పడిపోతే అక్క ఊరుకుంటుందా బావా అన్నాడు, ఆవిడ పక్కగదిలోనే ఉన్నట్టు.

కోప్పడటానికి వచ్చిన మనిషి కళ్ళు తుడుచుకుంటే బాగుండదని బావగారు ఉల్లిపాయల దగ్గరికి జరిగాడు.

"ఆ చేత్తోనే పెద్ద గిన్నె కూడా వండొచ్చుగా?"

"ఆరు కూరలా? నాకు చేతులెన్ననుకున్నావు? బోర్డు మీద ఆరున్నాయి. మా నాన్న రాయించిన బోర్డది."

"బోర్డు తిని ఎవరికీ కడుపు నిండదు," అంది భార్య. అప్పటిదాకా ఆవిడ ఇంత గట్టిగా మాట్లాడటం బావగారు వినలేదు. రెండు కూరలు చాలంది. పొద్దున్న వండింది మధ్యాహ్నానికి అయిపోవాలి, అయిపోతే తలుపేసుకోవాలి, తను పక్కన కుర్చీ వేసుకుని చెపుతుంది, ఆయన వండాలి. ఈ మాట ఇప్పుడు తట్టిందా నీకు అని మొగుడు విసుక్కుంటే, ఎప్పుడో తట్టింది, వినే చెవి దొరకలేదు అంది.

బావగారు తన మాట కూడా చెప్పేశాడు. రేపటినుంచీ తన మనుషుల్ని పంపిస్తాడు. కానీ వాళ్ళెవరూ ఆయన పేరు చెప్పరు. చెప్పొద్దని తనే చెపుతాడు.

"మరి నాకెలా తెలుస్తుంది, ఎవరు మనవాళ్ళో?"

"తెలియదు."

బావమరిది పెనం తీసుకుని, అప్పటికే మెరుస్తున్న చోట మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు. అయితే పంపకు బావా, ఎవరినీ పంపకు, ఆ రొట్టెలవాడికే పంపుకో అన్నాడు. బావమరిది భార్య గుమ్మందాకా వచ్చి, ఆదివారం రండి అన్నయ్యగారూ అంది. లోపల్నుంచి ఆ మాటకి వంత రాలేదు.

ఆ ఆదివారం ఆయన వెళ్ళలేదు. పిలిచింది ఒకరే. బావా అనే కేక లాడ్జి గుమ్మంలో వినబడటం మానేసింది. పాలమనిషి కూడా గమనించి, మీ బావమరిదికి గొంతు పోయిందా అని అడిగాడు.

కానీ మనుషులు దిగుతూనే ఉన్నారు, అడుగుతూనే ఉన్నారు. బావగారు ఉన్నదున్నట్టు చెప్పేవాడు. వెనక వీధిలో మా ఆవిడ తమ్ముడి భోజనశాల ఉంది, ఈమధ్య కాస్త దారి తప్పి మళ్ళీ దారికొస్తోంది, రెండే కూరలుంటాయి, నా పేరు చెప్పొద్దు, తిన్నాక బాగున్నా బాగాలేకపోయినా నాకు చెప్పండి. ఇలా చెప్పి ఎవరైనా భోజనానికి పంపుతారా అని ఒకాయన నవ్వాడు. నవ్వి, ఆ కుతూహలంతోనే వెళ్ళాడు. కూర మాడిందని చెప్పాడు. ఇంకొకావిడ రొట్టె బాగుంది, కూర సంగతి చెప్పలేనంది. తలుపు వేసి ఉంటే తిరిగొచ్చినవాళ్ళు కొందరు. కూరలు అయిపోయాయట, పొద్దు నడినెత్తి దిగకుండానే. ఆ కబురు విని బావగారు పనికట్టుకుని మరో కప్పు టీ తెప్పించుకున్నాడు.

తరవాత ఒక పనిరోజున, మంచి రద్దీవేళ, ఆయన కౌంటర్ యజమానికి అప్పగించి వెనక వీధికి వెళ్ళాడు. ముందుగదిలో ఒకటే బల్ల ఖాళీగా ఉంది, గోడ పక్కన, తలుపు తెరిస్తే మోచేతికి తగిలేది. అక్కడే కూర్చున్నాడు. బోర్డు మీద నాలుగు కూరల పేర్లు సున్నంతో కొట్టేసి ఉన్నాయి. తెరిచిన వంటింటి తలుపులోంచి కుర్చీ మీద బావమరిది భార్య, ఆమెకి వీపు చూపిస్తూ పొయ్యి దగ్గర బావమరిదీ కనిపించారు. ఆమె గరిటెవైపు వేలు చూపించి ఏదో అంటోంది. అతను భుజాలతోనే విసుక్కుంటున్నాడు.

వడ్డించే మనిషి బావగారిని చూసి తత్తరపడ్డాడు. వంటింట్లోకి చూశాడు. లోపల బావమరిది వెనక్కి తిరిగి, గదినంతా ఒకసారి చూసి, ఆయన దగ్గర చూపు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పొయ్యివైపు తిరిగాడు. ఏమీ చెప్పలేదు. వడ్డించేవాడు ఏంచేయాలో తోచక, అందరికీ తీసిన పెద్ద గిన్నెలోంచే గరిటెడు తీసి ఆయన కంచంలో వేశాడు.

గింజలు విడివిడిగా ఉన్నాయి. రొట్టె మెత్తగా ఉంది. ముద్ద నోట్లో పెట్టుకుని బావగారు నిదానంగా నమిలాడు. ఉప్పు తక్కువైంది. తలెత్తి చూస్తే, పక్క బల్ల దగ్గర తపాలా ఉద్యోగి ఉప్పుగిన్నె దగ్గరికి లాక్కుంటున్నాడు. అతను తన కంచంలో చిటికెడు వేసుకుని, ఎదుటి మనిషి చెయ్యి చాపితే అందించాడు. అది బల్ల మీంచి బల్ల మీదికి చేతులు మారుతూ గోడవైపు వస్తోంది. తన వంతు ఎప్పుడొస్తుందా అని బావగారు చెయ్యి చాపుకుని కూర్చున్నాడు.